బస్సే అంబులెన్సయిన వేళ

మెహిదీపట్నంలో చేవెళ్ల బస్సు ఎక్కితే లంగర్‌హౌస్ దాటేదాకా అది అచ్చమైన సిటీ బస్సే. ఆటోల రొద, సిగ్నళ్ల దగ్గర పడిగాపులు, ఫుట్‌బోర్డు మీద వేలాడే కాలేజీ కుర్రాళ్లు. పోలీసు అకాడమీ దగ్గర ఔటర్ రింగ్ రోడ్డు దాటిందంటే మాత్రం దాని తీరే మారిపోతుంది. రోడ్డుకు రెండువైపులా మర్రిచెట్లు గొడుగు పడతాయి. మొయినాబాద్‌లో పూలగంపలు, చేవెళ్లలో కూరగాయల మూటలు ఎక్కుతాయి. కండక్టర్‌ను వరస పెట్టి పిలిచే ప్రయాణికులు కనిపిస్తారు. పట్నంలో ఆస్పత్రి మంచమ్మీద ఉన్న పెద్దాయనకు ఊరి నుంచి పంపే అన్నం క్యారేజీ కూడా అందులోనే వెళుతుంది.

ఇలా ఒకే బండి పూటకో వేషం వేస్తుంది. బస్సు వేసిన వేషాల్లో చాలామందికి తెలియనిది ఇంకోటుంది. అదే అంబులెన్స్! అవసరం పడితే కొన్ని గంటల్లో సీట్లు ఊడదీసి, స్ట్రెచర్లు బిగించి, రోగుల్ని తరలించడానికి పనికొచ్చేలా సిటీ బస్సుల్ని ముందే సిద్ధం చేసి పెట్టుకున్న రోజులున్నాయి. యుద్ధ భయం పుట్టించిన ముందుచూపు అది. ఆ పాత బస్సుల కథను చేవెళ్ల-మొయినాబాద్ దారిలో గుర్తుచేసుకోవడానికి ఒక కారణముంది. ఇక్కడ యుద్ధం లేదు. కానీ క్షతగాత్రుల్ని ఆస్పత్రికి ఎంత త్వరగా చేరుస్తామన్న ప్రశ్న మాత్రం ఈ రోడ్డును ఏనాడూ వదల్లేదు.

నిజాం నాటి బస్సు

మన దగ్గర సర్కారు బస్సు పుట్టింది రైల్వే ఇంట్లో. అప్పటిదాకా బ్రిటిష్ కంపెనీ చేతిలో ఉన్న నిజాం గ్యారంటీడ్ స్టేట్ రైల్వేను 1930లో హైదరాబాద్ ప్రభుత్వం కొనేసింది. రెండేళ్లు తిరిగేసరికి, అంటే 1932 జూన్‌లో, ఆ రైల్వేకు అనుబంధంగా రోడ్డు రవాణా విభాగం మొదలైంది. చేతిలో ఉన్నది 27 బస్సులు, 166 మంది సిబ్బంది. రైలు పట్టాలు చేరని ఊళ్లను స్టేషన్లతో కలపడం ఆ విభాగం ముఖ్యమైన పని.

ఆ కాలపు బస్సుల్లో పేరు మోసినవి ఆల్బియన్లు. స్కాట్లాండులోని గ్లాస్గో నగరంలో, స్కాట్స్‌టౌన్ అనేచోట వాటి ఫ్యాక్టరీ ఉండేది. 1899లో మొదలైన ఆ కంపెనీని 1951లో లేలాండ్ కలిపేసుకుంది. పొద్దుపొడుపు గుర్తు ఆ కంపెనీ ముద్ర. నిజాం కాలం నాటి ఆల్బియన్ బస్సొకటి ఇప్పటికీ ఆర్టీసీ దగ్గర భద్రంగా ఉంది. ప్రదర్శనలకు తెచ్చినప్పుడల్లా జనం చుట్టూ మూగి ఫొటోలు దిగుతారు. ముందుకు పొడుచుకొచ్చిన ఇంజిను, పెద్ద కళ్లలాంటి దీపాలు... ఇప్పటి పిల్లలకు అది బొమ్మ బస్సులా కనిపిస్తుంది.

ఆర్టీసీ బస్సు నంబర్లలో కనిపించే 'జెడ్' అక్షరం ఏడో నిజాం తల్లి జెహ్రా బేగం పేరుకు గుర్తుగా వచ్చిందని సంస్థలో తరతరాలుగా చెప్పుకుంటారు. రైల్వే కింద ఉన్న ఆ విభాగం 1951 నవంబరు 1న హైదరాబాద్ రాష్ట్ర ప్రభుత్వం చేతికొచ్చింది. 1958 జనవరి 11న ఏపీఎస్ఆర్టీసీ అయింది. తెలంగాణ ఏర్పడ్డాక టీఎస్ఆర్టీసీగా, 2024లో టీజీఎస్ఆర్టీసీగా పేరు మార్చుకుంది. పేర్లు మారినా ఊరి జనానికి మాత్రం ఎప్పుడూ 'ఆర్టీసీ బస్సే'.

గ్లాస్గో నుంచి లండన్ దాకా

మనకు బస్సులు పంపిన ఆ దేశంలోనే, బస్సును అంబులెన్సుగా మార్చే విద్య కూడా రాటుదేలింది. దానికి తొలి పాఠం మొదటి ప్రపంచ యుద్ధం. లండన్ వీధుల్లో 1910 నుంచి 'బి టైప్' అనే డబుల్ డెకర్లు తిరిగేవి. పెద్ద సంఖ్యలో ఒకే అచ్చులో తయారైన తొలితరం బస్సులవి. 1914లో యుద్ధం మొదలవగానే సైన్యానికి బండ్లు కరవయ్యాయి. దాంతో వీధుల్లో తిరుగుతున్న బస్సుల్నే తీసుకెళ్లారు. దాదాపు 900 బస్సులు ఫ్రాన్సు, బెల్జియం యుద్ధభూములకు చేరాయి. అద్దాలు పగిలిపోకుండా కిటికీలకు చెక్కలు కొట్టారు. చాలావాటిలో సిపాయిలు ప్రయాణించారు. కొన్ని క్షతగాత్రుల్ని మోశాయి. మరికొన్ని వార్తలు చేరవేసే పావురాలకు గూళ్లయ్యాయి కూడా!

యుద్ధం ముగిసింది. పాఠం మిగిలింది. ఆపద ముంచుకొచ్చాక బండ్లు వెతుక్కోవడం కన్నా, ఏ బస్సును దేనికి వాడాలో ముందే రాసిపెట్టుకోవడం మేలని అధికారులకు అర్థమైంది.

రెండో ప్రపంచ యుద్ధం నాటికి ఆ ముందుచూపు పనిచేసింది. లండన్‌లో 'గ్రీన్‌లైన్' పేరుతో నగరం నుంచి చుట్టుపక్కల ఊళ్లకు నడిచే సర్వీసులుండేవి. మన మెహిదీపట్నం-చేవెళ్ల బస్సుల్లాంటివే అనుకోండి. కాకపోతే కాస్త మెత్తని సీట్లు. 1939 సెప్టెంబరు 3న బ్రిటన్ యుద్ధం ప్రకటించింది. దానికి ముందే, ఆ నెల మొదట్లోనే గ్రీన్‌లైన్ సర్వీసులు రోడ్ల మీది నుంచి మాయమయ్యాయి. వందల బస్సులు షెడ్లకు వెళ్లి అంబులెన్సులై బయటికొచ్చాయి.

అంత హడావుడి ఎందుకంటే... నగరం మీద బాంబులు పడతాయన్నది అప్పటి అంచనా. పడితే వేలమంది గాయపడతారు. వాళ్లకు మంచాలు కావాలి. ఆ మంచాల మీద అప్పటికే ఉన్న రోగుల్ని ఊరి బయటి ఆస్పత్రులకు తరలించాలి. అంత పనికి మామూలు అంబులెన్సులు ఏ మూలకూ చాలవు. ఒక్కో అంబులెన్సులో ఒకరిద్దరు పడితే, బస్సులో ఒకేసారి చాలామందిని పడుకోబెట్టి తీసుకెళ్లొచ్చు. పిల్లల్ని, తల్లుల్ని పల్లెలకు తరలించిన రోజులూ అవే. అప్పుడు దాదాపు 15 లక్షలమంది నగరాలు వదిలి వెళ్లారు.

ఆ బస్సుల్లో కొన్నింటికి యుద్ధం మధ్యలో ఇంకో వేషం కూడా పడింది. 1942 తర్వాత అమెరికా రెడ్‌క్రాస్ వాటిని తీసుకుని సైనికులకు కాఫీ, డోనట్లు అందించే 'క్లబ్‌మొబైల్స్'గా మార్చింది. యుద్ధం ముగిశాక, 1946లో గ్రీన్‌లైన్ మళ్లీ జనం దారి పట్టింది.

మార్చడం ఎలా?

బస్సును అంబులెన్సుగా మార్చాలంటే నాలుగు సంగతులు కుదరాలి.

మొదటిది సీట్లు. పాత బస్సుల్లో సీట్లను నేలకు బోల్టులతో బిగించేవారు. స్పానర్ పట్టుకున్న నలుగురు మెకానిక్కులుంటే కాసేపట్లో బస్సంతా ఖాళీ. ఆ బోల్టుల కన్నాలు, పక్క గోడల చట్రాలే స్ట్రెచర్లు నిలబెట్టే ఇనుప అరలకు ఆసరా. కింద ఒక వరస, పైన ఒక వరస... రైల్లో బెర్తుల్లాగా.

రెండోది తలుపు. కూర్చునే ప్రయాణికుడు వంగి, తిరిగి, మెట్లెక్కి వస్తాడు. స్ట్రెచర్ తిరగలేదు. అది తిన్నగా లోపలికి వెళ్లాలి. అందుకే బస్సు వెనకవైపున్న అత్యవసర ద్వారానికి విలువ. మామూలు రోజుల్లో ఎవరూ పట్టించుకోని ఆ తలుపే ఆపదలో సింహద్వారం.

మూడోది కుదుపు. విరిగిన కాలుతో ఉన్న మనిషికి రోడ్డు మీది ప్రతి గుంతా నరకమే. లారీ చట్రం మీద కట్టిన బండి కన్నా, దూర ప్రయాణానికి మెత్తగా కట్టిన బస్సు నయం. లండన్‌లో ఎర్ర సిటీ బస్సులను వదిలి గ్రీన్‌లైన్ బండ్లను ఎంచుకోవడంలో ఉన్న సుఖం ఇదే. పైగా అవి ఒక అంతస్తు బండ్లు. మేడ మీదికి మోసే బాధ లేదు.

నాలుగోది అన్నిటికన్నా ముఖ్యం. అది బండిలో ఉండదు, కాగితం మీద ఉంటుంది. ఏ షెడ్డులో ఏ బస్సు, ఎవరు నడపాలి, ఏ ఆస్పత్రికి వెళ్లాలి, అక్కడినుంచి ఎటు పోవాలి... ఈ వివరాలన్నీ ముందే ఖాయం కావాలి. స్పానర్లు తిప్పడం గంటల పని. ఆ కాగితం తయారవడానికి నెలలు పడుతుంది.

రెండు చెరువుల నడుమ

ఇక మన దారికొద్దాం. 1908 సెప్టెంబరులో మూసీ వరద హైదరాబాద్‌ను ముంచెత్తింది. మళ్లీ అలాంటి ఉపద్రవం రాకూడదని మూసీ మీద ఉస్మాన్‌సాగర్, ఈసీ నది మీద హిమాయత్‌సాగర్ కట్టారు. మొదటిది 1920లో, రెండోది 1927లో పూర్తయ్యాయి. ఆ రెంటి నడుమన ఉంటుంది మొయినాబాద్. ఒక ఆపద నేర్పిన పాఠంతో కట్టిన జలాశయాలు తర్వాత దశాబ్దాలపాటు నగరం దాహం తీర్చాయి. ముందుచూపంటే ఏమిటో ఈ ప్రాంతానికి వేరే చెప్పక్కర్లేదు.

మొయినాబాద్ మండలంలోని పెద్దమంగళారంలో పుట్టినవారే కొండా వెంకట రంగారెడ్డి. 1978 ఆగస్టు 15న ఏర్పడిన జిల్లాకు ఆయన పేరే పెట్టారు. పక్కనే చిలుకూరు. హుండీ లేని బాలాజీ గుడి. విదేశీ చదువులకు వీసా రావాలని మొక్కుకునే కుర్రకారుతో కిటకిటలాడుతుంది. కోరిక కోరేటప్పుడు 11 ప్రదక్షిణలు, తీరాక 108. కాగితం మీద గళ్లు కొట్టుకుంటూ గుడి చుట్టూ తిరిగే జనం అక్కడ రోజూ కనిపించే దృశ్యం.

ఇంకాస్త ముందుకెళితే కనకమామిడి, మీర్జాగూడ, చేవెళ్ల. ఆపైన ఆలూరు, మన్నెగూడ. అక్కడినుంచి ఒక దారి వికారాబాద్‌కు, మరోటి పరిగి మీదుగా కొడంగల్‌కు. అనంతగిరి కొండల్లో నిజాం కాలంలో వెలసిన క్షయ ఆస్పత్రి కూడా ఆ వైపే. మందులు అంతగా లేని రోజుల్లో మంచి గాలే మందని రోగుల్ని ఆ కొండలకు పంపేవారు. తాండూరు నాపరాయి, సిమెంటు ఈ రోడ్డు మీదే పట్నానికి వస్తాయి. కంకర టిప్పర్లు, కూరగాయల ఆటోలు, కాలేజీ బస్సులు, వారాంతంలో ఫామ్‌హౌసులకు పరిగెత్తే కార్లు... అన్నిటికీ ఇదే దారి. పేరుకు 163వ నంబరు జాతీయ రహదారి. చాలాచోట్ల ఎదురెదురుగా వచ్చే బండ్లు చెరో వరసలో సర్దుకోవాల్సిందే.

ఈ దారిలో ఒకప్పుడు ఎవరికైనా దెబ్బ తగిలితే ఏం చేసేవారు? ఊళ్లో ఎడ్లబండి, లేకపోతే ఎవరిదో జీపు, రోడ్డు మీద ఆపిన లారీ. అదీ దొరక్కపోతే ఆర్టీసీ బస్సు. వెనక పొడుగు సీటు ఖాళీ చేయించి మనిషిని పడుకోబెడితే, బస్సు పట్నం దాకా వెళ్లేది. ఎక్కువమంది గమ్యం ఉస్మానియా. నొప్పులు పడుతున్న ఆడమనిషి ఎక్కితే మగవాళ్లంతా ముందుకు జరిగి చోటిచ్చేవారు. ఏ చట్టమూ చెప్పకుండానే, ఏ స్పానరూ తిప్పకుండానే, తెలంగాణ పల్లె బస్సు అంబులెన్సు అయ్యేది.

ఆ అలవాటు ఇప్పటికీ పూర్తిగా పోలేదు. 2021 చివర్లో బస్సుల్లోనే పుట్టిన ఇద్దరు ఆడశిశువులకు ఆర్టీసీ జీవితకాలపు ఉచిత పాసులు ఇచ్చింది. బస్సులో పుట్టిన బిడ్డకు బస్సంతా మేనమామలే!

పాదయాత్ర ఊరు... 108 పిలుపు

2003 ఏప్రిల్ 9న వైఎస్ రాజశేఖరరెడ్డి పాదయాత్ర మొదలుపెట్టింది చేవెళ్లలోనే. ఎండలు మండిపోతున్న కాలంలో ఇచ్ఛాపురం దాకా నడిచారు. మరుసటి ఏడాది ముఖ్యమంత్రి అయ్యారు. ఆయన హయాంలోనే, 2005 ఆగస్టు 15న, ఈఎంఆర్ఐ సంస్థ హైదరాబాద్‌లో 108 సేవల్ని ప్రారంభించింది. తర్వాత ప్రభుత్వం చేయి కలిపింది. ఊరూరా 'కుయ్... కుయ్' మన్న ఆ సైరన్ త్వరలోనే ఇంటింటి మాటయింది. ఇతర రాష్ట్రాలూ అదే బాట పట్టాయి.

చిలుకూరులో 108 అంటే మొక్కు తీరిన గుర్తు. రోడ్డు మీద 108 అంటే ప్రాణం దక్కుతుందన్న ఆశ. అంకె ఒకటే. ఎవరూ డబ్బు అడగరు. పోలీసులు, అంబులెన్సు, అగ్నిమాపక దళం... మూడింటికీ ఒకే నంబరుగా దాన్ని మొదలుపెట్టారు. బండి నడిపేవాడిని డ్రైవరనరు, 'పైలట్' అంటారు. వెనక ఉండే 'ఈఎంటీ' రక్తం ఆపుతాడు, ఆక్సిజన్ పెడతాడు, ప్రసవం చేస్తాడు. పాత జీపుకీ దీనికీ ఉన్న తేడా అదే. జీపు మనిషిని ఆస్పత్రికి మోస్తుంది. 108 ఆస్పత్రిలో కొంత భాగాన్ని మనిషి దగ్గరికి తెస్తుంది.

రోడ్డు పక్కన వైద్యకళాశాలలూ వచ్చాయి. మొయినాబాద్ దగ్గర ఎన్కేపల్లిలో ఒకటి, అజీజ్‌నగర్‌లో ఒకటి, చేవెళ్లలో ఒకటి. ఉస్మానియా దాకా వెళ్లాల్సిన అగత్యం కొంత తగ్గింది.

కరోనా తెచ్చిన పాత పాఠం

1939 నాటి లండన్ కథ మళ్లీ మన కళ్లముందు జరిగింది. 2020లో కరోనా విరుచుకుపడినప్పుడు అంబులెన్సులు చాలలేదు. లాక్‌డౌనులో బస్సులేమో షెడ్లలో ఖాళీగా ఉన్నాయి. ముంబయిలో బెస్ట్ సంస్థ తన బస్సుల్లో కొన్నింటిని అంబులెన్సులుగా మార్చింది. ఆంధ్రప్రదేశ్‌లో ఏపీఎస్ఆర్టీసీ ఇంద్ర ఏసీ బస్సుల్లో సీట్లు తీసేసి, నమూనాలు సేకరించే కౌంటర్లు పెట్టింది. వాటికి 'సంజీవని' అని పేరు పెట్టారు. కర్ణాటకలో 2021లో ఐసీయూ మంచాలు, ఆక్సిజన్ అమర్చిన బస్సులు బయల్దేరాయి.

అంతా అప్పటికప్పుడు చేసిన పనే. మెకానిక్కుల చేతివాటం గొప్పది కాబట్టి పనయింది. కానీ ఒకటి ఆలోచించాలి. ఆ బస్సుల్ని కట్టేటప్పుడే 'ఏదో ఒకరోజు ఇందులో రోగిని పడుకోబెట్టాలి' అని అనుకుని ఉంటే? సీట్లు కొన్ని సులువుగా ఊడేలా, ఆక్సిజన్ సిలిండరు బిగించే కొక్కేలు ముందే ఉండేలా, తలుపు స్ట్రెచరంత వెడల్పుండేలా కట్టి ఉంటే వారాల పని రోజుల్లో అయ్యేది.

మనకూ నిబంధనలున్నాయి. బస్సు బాడీ ఎలా ఉండాలో ఏఐఎస్-052 అనే ప్రమాణం చెబుతుంది. అత్యవసర ద్వారాలు, వాటి సంఖ్య, కొలతలు అందులో ఉంటాయి. అంబులెన్సులకు ఏఐఎస్-125 ఉంది. అది అంబులెన్సుల్ని నాలుగు రకాలుగా విడగొడుతుంది. ముందుగా చేరుకుని సాయం చేసేవి, రోగిని ఊరికే తరలించేవి, ప్రాథమిక ప్రాణరక్షణ పరికరాలున్నవి, పూర్తి స్థాయి పరికరాలున్నవి. రెండు పుస్తకాలూ వేర్వేరు. అవసరంలో ఇది అదవ్వాలంటే ఎలా అన్నదానికి మధ్యలో ఒక పేజీ ఉండాలి.

మీర్జాగూడ ఉదయం

2025 నవంబరు 3, సోమవారం. తాండూరు నుంచి హైదరాబాద్ వస్తున్న ఆర్టీసీ బస్సు. ఆదివారం ఇంటికొచ్చి తిరిగి కాలేజీలకు, ఉద్యోగాలకు బయల్దేరినవాళ్లతో నిండుగా ఉంది. చేవెళ్ల దగ్గర మీర్జాగూడలో ఎదురుగా వచ్చిన కంకర టిప్పర్ దాన్ని ఢీకొట్టి మీద పడింది. కంకరంతా బస్సులోకి కుమ్మరించింది. 19 మంది చనిపోయారు. రెండు బండ్ల డ్రైవర్లూ ప్రాణాలు కోల్పోయారు.

అంతకు ఏడాది కిందట, 2024 డిసెంబరులో, ఇదే రోడ్డు మీద ఆలూరు దగ్గర కూరగాయలు అమ్ముకుంటున్నవారి మీదికి లారీ దూసుకొచ్చి ప్రాణాలు తీసింది.

మీర్జాగూడలో జనానికి అంబులెన్సుకన్నా ముందు కావలసి వచ్చింది జేసీబీ. కంకర తవ్వితేనే లోపలివాళ్లు బయటపడతారు. చుట్టుపక్కల ఊళ్లవాళ్లు, దారిన పోయేవాళ్లు చేతులతోనే తవ్వారు. సైరన్లు వరసగా చేవెళ్ల ఆస్పత్రి వైపు పరుగులు తీశాయి. ఏళ్లుగా పక్కవాళ్లను ఆస్పత్రికి చేర్చిన ఊరి బస్సు, ఆ ఉదయం తానే సాయం కోసం ఎదురుచూసింది.

రోడ్డు వెడల్పు కాలేదన్న కోపం ఆ రోజు కట్టలు తెంచుకుంది. పోలీసు అకాడమీ కూడలి నుంచి మన్నెగూడ దాకా దాదాపు 46 కిలోమీటర్లు నాలుగు వరసలు చేయాలన్నది ప్రణాళిక. దారి పొడవునా తొమ్మిది వందలకు పైగా మర్రిచెట్లున్నాయి. వాటిని కాపాడాలని పర్యావరణ ప్రేమికులు జాతీయ హరిత ట్రిబ్యునల్‌కు వెళ్లారు. ఏళ్ల తరబడి వాదనలు నడిచాయి. ప్రమాదం జరిగాక కొందరు చెట్లను తిట్టారు, కొందరు చెట్లను ప్రేమించేవాళ్లను తిట్టారు.

నిజానికి చెట్లూ కావాలి, ప్రాణాలూ కావాలి. చాలా చెట్లను ఉన్నచోటే ఉంచి, వాటి పక్కనుంచి రోడ్డు తీసుకెళ్లొచ్చని చర్చల్లో తేలింది. కొన్నింటిని వేరేచోట నాటొచ్చు. ఇదంతా మొదట్లోనే గీసుకుని ఉంటే కాలం కలిసొచ్చేది. లండన్ బస్సుల కథలో చూసిన నాలుగో సంగతి, ఆ కాగితం పని, ఇక్కడ కూడా అన్నిటికన్నా ఆలస్యమైంది.

దారినపోయేవాడికి భయం వద్దు

ప్రమాదం జరిగినచోట మొదట చేరేది అంబులెన్సు కాదు. దారినపోయేవాడు. ఒకప్పుడు అతనికి రెండు భయాలుండేవి: పోలీసు స్టేషను, ఆస్పత్రి బిల్లు. 'మనకెందుకొచ్చిన గొడవ' అని బండి ఆపకుండా వెళ్లినవాళ్లలో చాలామంది చెడ్డవాళ్లు కాదు, భయస్తులు.

ఆ భయం తీరడానికి ఇప్పుడు చట్టం అండగా ఉంది. సాయం చేసినవారిని వేధించకుండా రూపొందిన మార్గదర్శకాలను 2016 మార్చి 30న సుప్రీంకోర్టు ఆమోదించింది. 2019లో మోటారు వాహనాల చట్టంలో 134-ఏ సెక్షన్ చేరింది. క్షతగాత్రుణ్ని ఆస్పత్రికి చేర్చినవాళ్లు పేరు చెప్పాలన్న బలవంతం లేదు. మంచి మనసుతో చేసిన సాయంలో పొరపాటు జరిగినా కేసు ఉండదు. గాయపడిన మొదటి గంటను అదే చట్టం 'గోల్డెన్ అవర్' అంది. 2025 మేలో కేంద్రం తెచ్చిన పథకం ప్రకారం రోడ్డు ప్రమాద బాధితులకు ఏడు రోజులపాటు లక్షన్నర రూపాయల దాకా నగదు లేకుండా వైద్యం అందాలి.

ఇంట్లో పిల్లలకు ఈ మూడు మాటలూ చెప్పాలి. 108కి ఫోన్ చేయాలి. దెబ్బ తగిలిన మనిషి మెడ, వెన్ను కదలకుండా చూడాలి. రక్తం కారుతుంటే శుభ్రమైన గుడ్డతో గట్టిగా అదిమి పట్టాలి. బండి వచ్చేదాకా ఈ మాత్రం తెలిసిన మనిషి పక్కనుంటే సగం వైద్యం అయినట్టే.

బస్సులో దాగిన మంచం

మళ్లీ యుద్ధం వస్తుందనో, మహమ్మారి వస్తుందనో ప్రతి బస్సునూ అంబులెన్సుగా కట్టనక్కర్లేదు. అంత డబ్బూ ఉండదు, అవసరమూ లేదు. కానీ ప్రతి డిపోలో ఒకటి రెండు బస్సులకైనా సులువుగా ఊడే సీట్లు పెడితే పోయేదేమీ లేదు. మియాపూర్‌లో బస్సు బాడీలు కట్టిన చేతులు ఆర్టీసీకి ఉన్నాయి. డ్రైవర్లకు, కండక్టర్లకు ప్రథమ చికిత్సలో ఏటా శిక్షణ ఇవ్వొచ్చు. పెద్ద ప్రమాదం జరిగితే చేవెళ్ల నుంచి ఎవరిని ఎన్కేపల్లికి పంపాలి, ఎవరిని నిమ్స్‌కు పంపాలి, జేసీబీ ఎక్కడినుంచి రావాలి, దానికి ఎవరు ఫోన్ చేయాలి... ఇవి నాలుగు కాగితాల్లో రాసి, ఏడాదికోసారి ఉత్తుత్తి కసరత్తు చేస్తే సరిపోతుంది.

2023 డిసెంబరు 9 నుంచి తెలంగాణలో ఆడవాళ్లకు ఆర్టీసీ బస్సుల్లో ఉచిత ప్రయాణం మొదలైంది. కూలికి వెళ్లే తల్లులు, చదువుకు వెళ్లే ఆడపిల్లలు పల్లె బస్సుల్ని నింపేస్తున్నారు. బస్సులో ఎక్కేవాళ్లు పెరిగినకొద్దీ, ఆ బస్సు మీద ఆధారపడిన ఇళ్లూ పెరుగుతాయి. అత్యవసర ద్వారానికి అడ్డంగా మూటలు పెట్టకుండా చూడటం, ఫస్ట్‌ఎయిడ్ డబ్బాలో దూది ఉందో లేదో చూసుకోవడం చిన్న పనులే. కానీ ప్రాణం మీదికొచ్చిన రోజున అక్కరకొచ్చేవి అవే.

1939లో గ్రీన్‌లైన్ బస్సులు అంబులెన్సులుగా బయల్దేరిన నాటికి లండన్ మీద ఒక్క బాంబూ పడలేదు. భారీ దాడులు మొదలైంది 1940 సెప్టెంబరులో. ఏడాదిపాటు కొందరికి ఆ ఏర్పాట్లన్నీ వృథా ఖర్చులానే కనిపించి ఉంటాయి. తీరా అవసరం పడినప్పుడు 'అయ్యో, ముందే అనుకుని ఉంటే' అని ఎవరూ అనుకోవాల్సిన పని లేకపోయింది. చేవెళ్ల దారిలో వెళ్లే తాండూరు బస్సుకైనా, మొయినాబాద్ పూలబండికైనా కావలసింది ఆ పాటి ముందుచూపే.